మూడు ఆఫీసులకు ఒక్క పాస్‌వర్డ్

2012, వానాకాలం మొదలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పటికింకా జిల్లాలు కాలేదు. మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. తెలంగాణ కోసం ఊరూరా శిబిరాలు, ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. జనగామ స్టేషన్ రోడ్డులో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకోవడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే తరవాత ఇంటికొచ్చి "సరితక్కా, జర చూడవా" అని బతిమాలేవాళ్ళు. ఈ పనిలో ఎన్నో చూశాను. ఎలుకలు కొరికిన తీగలు, సీపీయూలో కాపురం పెట్టిన బల్లులు, కీబోర్డు మీద ఒలికిన పప్పుచారు. వేటి మీదా నాకు కోపం రాలేదు. ఒక్క కేసులో మాత్రం వచ్చింది. ఇన్నేళ్ళయినా అది తగ్గలేదని, ఇప్పుడు రాయడానికి కూర్చుంటే తెలుస్తోంది.

వినికిడి లోపం ఉన్న పిల్లలకు చెవి మిషన్లు ఇప్పించే సొసైటీ ఒకటి ఉండేది. పేరు అక్కర్లేదు. పెద్దాఫీసు జనగామలో, చిన్నాఫీసులు మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో. ఊళ్ళూ తండాలూ తిరిగి, పిల్లలను తీసుకొచ్చి పరీక్ష చేయించి, ఆ కాగితాలను స్కాన్ చేసి పంపడం చిన్నాఫీసుల పని. ఆ కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఏ చెవికి ఎంత శబ్దం వినిపిస్తుందో గీతల్లో చూపించే బొమ్మ అది. అది లేకుండా డాక్టర్లు మిషన్ సరిచేసి పెట్టలేరు.

ఆ ఫైళ్ళు జనగామకు ఎలా చేరేవో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి, పైన పేరు రాసి, బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్ళు. భూపాలపల్లి పెన్‌డ్రైవ్ రేగొండ మీదుగా హన్మకొండ దాకా వచ్చి, అక్కడ ఇంకో బస్సెక్కి జనగామలో దిగేది. అంతకు ముందటి ఏడు సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. బస్సులతో పాటు పెన్‌డ్రైవులూ ఆగిపోయాయి. పిల్లల కాగితాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అప్పుడు సొసైటీ కార్యదర్శి నన్ను పిలిపించి "బస్సు నడిచినా నడువకున్నా ఫైళ్ళు రావాలె సరితమ్మా. ఏమన్న ఉపాయం చెప్పు" అన్నాడు.

నేను చెప్పిన ఉపాయం క్లౌడ్ ఫోల్డర్. క్లౌడ్ అంటే మన ఫైళ్ళను ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లో ఉంచడం. అక్కడున్నవీ మన దగ్గరున్నవీ ఎప్పటికప్పుడు ఒకే తీరుగా ఉండేట్టు చూసుకోవడాన్ని సింక్ అంటారు. మూడు ఆఫీసుల వాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి నాకు చేతనైనంత విడమరిచి చెప్పాను. "ఇవి మూడు పెట్టెలు కావు. ఉన్నది ఒక్కటే పెట్టె. మూడు ఊళ్ళల్ల మూడు మూతలున్నయి, అంతే. జనగామల ఫైలు వేస్తే మహబూబాబాద్‌ల కనపడ్తది. జనగామల తీసేస్తే అక్కడ కూడ పోతది." అందరూ తలలూపారు. ఏ తల అర్థమై ఊగిందో, ఏ తల మర్యాదకు ఊగిందో మా వృత్తిలో వెంటనే తెలియదు.

మనిషికొక పేరు, పేరుకొక పాస్‌వర్డ్ పెడదామని నేను మొదటే అన్నాను. ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నారో అప్పుడు ఆ పేరుతోనే నమోదవుతుంది. కార్యదర్శి చెయ్యి ఊపేశాడు.

"మనది ఒక్కటే కుటుంబం గద సరితమ్మా. కుటుంబంల ఇన్ని తాళాలెందుకు? ఒక్కటి చాలు. లేకుంటే యాది మరిచిపోయి పరేషాన్ అయితరు."

"రేపు ఏదన్న తప్పు జరిగితే ఎవలు చేసిన్రో తెల్వదు సార్."

"తప్పెందుకు జరుగుతది?" అని నవ్వాడు.

ఆ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెప్పాలి. జనగామలో సోమయ్య సార్. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరై ఈ సొసైటీలో చేరారు. బచ్చన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారు. బల్ల మీద చిన్న కాగితం ముక్క కూడా ఉండనిచ్చే మనిషి కాదు. భూపాలపల్లిలో మరియమ్మక్క, నడివయసు మనిషి, పది మాటలకు ఒకసారి "ప్రభువా" అనేది. మహబూబాబాద్‌లో బానోత్ కమల. తండా పిల్ల, డిగ్రీ చదివింది. ఇంట్లో లంబాడీ మాట, బయట మన మాట. చెవిటి పిల్లాడిని పరీక్షకు పంపమంటే "వాడు అమాయకుడమ్మా, దేవుడట్ల ఇచ్చిండు" అనే తల్లులకు వాళ్ళ మాటలోనే నచ్చజెప్పి ఆటో ఎక్కించగలిగింది ఆ పిల్ల ఒక్కతే.

ఇక కార్యదర్శి. పరాయివాడు కాదు, మన జనగామ మనిషే. పొద్దున శిబిరంలో కండువా వేసుకుని మైకు పట్టుకునేవాడు. "మన బాసను ఎక్కిరించిన్రు, మనల్ని అడుగకుంటనే మన మీద తీర్పు చెప్పిన్రు, మనకు కావాల్సింది ఆత్మగౌరవం" అని గొంతు పగిలేటట్టు మాట్లాడేవాడు. నేనూ అక్కడ నిలబడి చప్పట్లు కొట్టినదాన్నే. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే తరవాత జరిగిన దానికి నాకు అంత మంట.

ఒక మంగళవారం బంద్. బుధవారం పొద్దున కార్యదర్శి నుంచి ఫోన్, వెంటనే రమ్మని. పోయేసరికి ఆఫీసులో ఆయన ఒక్కడే ఉన్నాడు. సోమయ్య సార్ పత్తి గింజలు పెట్టించే పని ఉందని సెలవు పెట్టారట. కంప్యూటర్లో ఫోల్డర్ తెరిచి చూపించాడు. శుభ్రంగా ఖాళీ. ఆడియోగ్రాములు, ఫొటోలు, అన్నీ పోయాయి. హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చి మిషన్లు పెట్టే క్యాంపు వారం రోజుల్లోనే ఉంది.

"మూడాఫీసులల్ల పోయినయి. ఇది కమల చేసిన పని" అన్నాడు.

"ఎట్ల తెలుసు సార్?"

"సోమవారం సాయంత్రం ఆమెనే ఫోన్ చేసింది, ఫోల్డర్ల ఫైళ్ళు లేవని. ఆమె చెప్పేదాంక ఎవలకు తెల్వనే తెల్వదు. దొంగే దొంగ దొంగ అని ఒర్రినట్టు లేదా?"

ఇల్లు కాలుతోందని కేకవేసినవాళ్ళే నిప్పు పెట్టారనడం ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు.

"ఆమెకు ఏం లాభం సార్, తీసేస్తే?"

అప్పుడు అసలు సంగతి బయటపడింది. కిందటి నెల మీటింగులో కమల లేచి "తండాల పిల్లల వంతు ఎప్పుడు ఆఖరికే ఎందుకు వస్తది సార్?" అని అందరి ముందు అడిగిందట. ఆ ప్రశ్న ఈయన కడుపులో అరగలేదు. "ఆ పొగరు చూసినప్పుడే అనుకున్న, ఎప్పుడో కొంప ముంచుతదని" అన్నాడు. ఆమెను అప్పటికే పనికి రావద్దని చెప్పేశాడు. ఠాణాలో ఇవ్వడానికి దరఖాస్తు కూడా టైపు చేయించి పెట్టాడు. నన్ను పిలిచింది ఫైళ్ళు వెతకడానికి కాదు. కంప్యూటర్లు తెలిసిన మనిషిగా, ఫైళ్ళు మహబూబాబాద్ నుంచే తీసేశారని రాసి సంతకం పెట్టడానికి.

"చూడకుంట నేను రాయ సార్" అన్నాను.

"చూడటానికి ఏమున్నది? నువ్వు రాయకుంటే ఇంకో దుకాణపాయన రాస్తడు. తండాల నుంచి తెచ్చి నౌకరి ఇస్తే గిట్లనే ఉంటది."

ఒళ్ళు మండిపోయింది. నిన్నటి దాకా మైకులో విన్న గొంతు, ఇదే గొంతు. అడగకుండానే మన మీద తీర్పు చెప్పారని గుండెలు బాదుకున్న మనిషి, ఆ పిల్లను ఒక్క మాట అడగకుండా తీర్పు చెప్పి, టైపు కూడా చేయించాడు. నోటిదాకా వచ్చినదాన్ని మింగి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అరవడం ఎంతసేపు, ముందు సంగతి తేలాలి.

క్లౌడ్ కంపెనీ వెబ్‌సైట్లో ఎప్పుడేం జరిగిందో చూపించే పేజీ ఒకటి ఉంటుంది. ఫైళ్ళు పోయింది సోమవారం మధ్యాహ్నం మూడు గంటల వేళ. చేసినవాళ్ళ పేరు దగ్గర సొసైటీ పేరే ఉంది. ఉన్నది ఒక్క పేరైతే ఇంకేం ఉంటుంది? తీసేసిన ఫైళ్ళు కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటాయి కదా అని అదీ చూశాను. అదీ ఖాళీయే. మాకున్నది ఉచితంగా ఇచ్చే కొద్ది జాగా. అది నిండిందని హెచ్చరిక వచ్చినప్పుడల్లా బుట్ట ఖాళీ చేయమని ముగ్గురికీ నేనే నేర్పి ఉన్నాను. కాబట్టి అది కూడా ఎవరి పనో చెప్పడానికి లేదు.

"మహబూబాబాద్ పోయి చూసొచ్చి చెప్త. అప్పటిదాంక ఆ దరఖాస్తు ఇయ్యకున్రి" అన్నాను. "రేపటిదాంక ఆగుత" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

మధ్యాహ్నం రైలుకు పోయాను. బంద్ మరుసటి రోజు కదా, కాలు పెట్టే చోటు లేదు. కాజీపేట దాకా నిలబడే ఉన్నాను. నేను ముందే ఫోన్ చేశాను కాబట్టి మహబూబాబాద్ స్టేషన్ బయట కమల ఎదురొచ్చింది. ఆఫీసు తాళంచెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది, తీసుకోవడానికి ఎవరూ రాలేదట. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ, మాట మాత్రం గట్టిగానే ఉంది. ఆఫీసు తాళం తీసి లోపల కూర్చున్నాక చెప్పింది.

"నేను ఒక్క ఫైలు గూడ ముట్టలేదక్కా. కరెంటొచ్చినంక కంప్యూటర్ ఏసిన. ఫోల్డర్ తెరిచిన. ఫైళ్ళన్ని ఉన్నయి. జర సేపటికి నా కండ్ల ముంగటనే ఒక్కొక్కటి మాయమైతున్నయి. భయమై వెంటనే సార్‌కు ఫోన్ కొట్టిన. నేను దాయాలనుకుంటే ఫోన్ ఎందుకు కొడ్తనక్కా?"

"కరెంటు ఎన్ని గంటలకొచ్చింది?"

"గిక్కడ రోజు రెండింటి నుంచి నాలుగింటిదాంక ఉండదు గద. నాలుగింటికి వచ్చింది."

ఆ రోజుల్లో కరెంటు కోత గంటలు మాకు పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తుండేవి. ఏ ఊళ్ళో ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. ఫైళ్ళు పోయింది మూడింటికి. ఆ వేళకు మహబూబాబాద్‌లో కరెంటే లేదు. ఆఫీసులో ఇన్వర్టర్ లేదు. చీకటి డబ్బాగా పడి ఉన్న కంప్యూటర్ నుంచి ఎవరైనా ఫైలు ఎలా తీసేస్తారు? ఇంకెక్కడో తీసేశారు. ఇక్కడ కరెంటొచ్చి నెట్ తగలగానే, సింక్ తన పని తాను చేసింది. కమల చూసింది ఆ పనినే. ఈ ముక్క తెలుసుకోవడానికి కార్యదర్శి చేయాల్సిందల్లా ఒక్క ప్రశ్న అడగడం. అది కూడా చేయలేదు.

కమలకు ఇది చెప్పాను. ముఖంలో కొంచెం వెలుగు వచ్చి, వెంటనే ఆరిపోయింది.

"నా పేరు సాఫయితది గని, పిల్లల కాయితాలు వస్తయా అక్కా? మళ్ళ పరీక్ష అంటే తల్లులు రారు. ఒక్క దినం కూలి పోగొట్టుకోని వచ్చిన్రు నా మాట మీద. తండాల నేను ముఖమెట్ల చూపెట్టాలె?"

నౌకరి పోయిన మనిషి మొదట అడిగింది ఇది. కార్యదర్శి మొదట అడిగింది సంతకం.

అప్పుడే నాకు భూపాలపల్లి గుర్తొచ్చింది. మూడు ఆఫీసుల్లో పోయాయని కార్యదర్శి అన్నాడు సరే, భూపాలపల్లి కంప్యూటర్ ఎవరు చూశారు? కమల వెంటనే అంది: "మరియమ్మక్క సోమవారం సెలవు పెట్టి శనివారమే రేగొండ పోయింది, వాళ్ళ చెల్లెలింటికి. బంద్‌కు బస్సుల్లేక ఆడ్నే ఆగిపోయింది. ఇయ్యాల వస్త అన్నది."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. శనివారం నుంచి ఆపి ఉన్న కంప్యూటర్‌కు సోమవారం సంగతి తెలియదు. ఫైళ్ళన్నీ దాని కడుపులో క్షేమంగా ఉంటాయి. కానీ దాన్ని వేసి నెట్ తగిలించిన మరుక్షణం అది కూడా మిగతావాటిని చూసి ఖాళీ అవుతుంది. మరియమ్మక్కకు ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాం. కమల గోళ్ళు కొరుక్కుంటోంది. ఎన్నోసారికో ఎత్తింది.

"ఏంది కమలా, ఇన్నిసార్లు? బస్సుల మస్తు మంది, చప్పుడుకు వినపడలే. ఇప్పుడే ఆఫీసు తాళం తీసిన."

ఫోన్ లాక్కున్నాను. "అక్కా, నేను సరితను. కంప్యూటర్ వేసినవా?"

"స్విచ్ మీద చెయ్యి పెట్టిన."

"తియ్యి! చెయ్యి తియ్యక్కా!"

"అయ్యో ప్రభువా, షాక్ కొడ్తదా ఏంది?"

షాక్ కాదని, ముందు డేటాకార్డ్ పీకేయమని చెప్పాను. డేటాకార్డ్ అంటే నెట్ కోసం కంప్యూటర్‌కు గుచ్చే వేలెడంత ముక్క. "నల్లదా? తెల్లదా? ఎనుక రెండున్నయి" అంటుంది. అందులో ఒకటి మౌస్ తీగ. అక్కడ ఆమె చీకట్లో బల్ల కింద దూరి తడుముతోంది, ఇక్కడ నేను కళ్ళు మూసుకుని ఆ కంప్యూటర్ వెనక భాగాన్ని ఊహించుకుంటున్నాను. చివరికి "పీకిన చెల్లే, చేతుల ఉన్నది. కొంగుకు ముడేసుకున్న, పొమ్మన్నా పోదు" అంది. అప్పుడు కంప్యూటర్ వేయించాను, ఫోల్డర్ తెరిపించాను.

"ఏమున్నయి అక్కా అండ్ల?"

మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది. తరవాత చదవడం మొదలుపెట్టింది. "భూక్యా అనిల్... గుగులోత్ స్వాతి... ధరావత్ నందిని..."

ఫోన్ స్పీకర్లో పెట్టాను. ఒక్కో పేరుకు కమల "ఉన్నడు", "ఉన్నది" అంటూ పోయింది. బడిలో హాజరు పిలిచినట్టుంది. కొంచెం సేపటికి "ఉన్నది" అనడం ఆపేసింది. తల బల్ల మీద పెట్టి ఏడ్చేసింది. మరియమ్మక్క పేర్లు ఆపకుండా చదువుతూనే ఉంది. ఫైళ్ళన్నీ వేరే చోటికి కాపీ చేయించి, పెన్‌డ్రైవ్‌లో కూడా వేయించి, అప్పుడు ఫోన్ పెట్టాను.

మిగిలింది ఒక్కటే ప్రశ్న. మహబూబాబాద్‌లో కరెంటు లేదు, భూపాలపల్లిలో మనిషి లేదు. అంటే ఫైళ్ళు తీసింది జనగామ పెద్దాఫీసులోనే. కార్యదర్శి నాకు ఖాళీ ఫోల్డర్ తెరిచి చూపించిన ఆ కంప్యూటర్ నుంచే.

గురువారం పొద్దున పోయేసరికి సోమయ్య సార్ వచ్చి, బల్లలు తుడుస్తున్నారు. జరిగిన రభస ఆయనకు ఏమీ తెలియదు. "సార్, సోమవారం మధ్యాహ్నం కంప్యూటర్ మీద ఏమన్న పని చేసిన్రా?" అని అడిగాను.

ఆయన ముఖం గర్వంతో వెలిగింది. "చెయ్యకుంట ఎట్ల బిడ్డా? తెల్లారితే బంద్ గద. రా, చూపెడ్త."

నడుముకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచారు. పై అరలో ఎర్రగుడ్డ మూట. విప్పితే లోపల పెన్‌డ్రైవ్.

"అరవై తొమ్మిదిల నేను కొత్తగ నౌకరిల చేరిన. అప్పుడు గూడ తెలంగాణ లొల్లే. ఆఫీసు మీద రాళ్ళు పడ్డయి. మా పెద్ద గుమాస్తా చెప్పిండు, లొల్లి అయ్యే ముందట ఒక్క కాయితం బల్ల మీద ఉండొద్దు, అన్ని లోపట పెట్టి తాళమెయ్యాలె అని. అప్పటిసంది బంద్ అంటే అదే పని చేస్త. ఇప్పుడు కాయితాలన్ని కంప్యూటర్ల ఉన్నయి. బయట ఎట్ల ఇడిచిపెడ్త? ఫోల్డర్లకెల్లి అన్ని తీసి ఈ పెన్‌డ్రైవ్‌ల పెట్టిన. నువ్వు చెప్పినట్టే చెత్తబుట్ట గూడ ఊడ్చిన. ఇంటికి పోతప్పుడు చెత్త ఉంచొద్దు గద."

కాపీ కాదు, కట్. బల్ల మీది కాగితాన్ని తీసి బీరువాలో పెడితే బల్ల ఖాళీ కావాలి. ఆయన నలభై ఏళ్ళుగా అలాగే పెట్టారు. మిగతా రెండు ఊళ్ళ బల్లలు కూడా ఖాళీ అవుతాయని ఆయనకు తట్టలేదు. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సొంత బీరువాలో ఫైళ్ళు పెట్టుకుని ఒక పిల్ల మీద ఠాణా దరఖాస్తు రాసింది ఈ ఆఫీసు. పక్క బల్ల మనిషిని ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది. అలా అడగాలని తట్టకపోవడానికి కారణం కంప్యూటర్ తెలియకపోవడం కాదు. తప్పు ఎక్కడుందో ముందే తేల్చేసుకున్నవాడికి వెతకాల్సిన పని ఉండదు.

సోమయ్య సార్‌కు జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డారు. "నా వల్లనా? ఆ పిల్ల మీద పడ్డదా?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు.

అప్పుడే కార్యదర్శి శిబిరం నుంచి వచ్చాడు, మెడలో కండువాతో. సోమయ్య సార్ లేచి నిలబడి, దాచకుండా, తడబడకుండా ఉన్నదంతా చెప్పారు. నేను కార్యదర్శి ముఖం చూస్తున్నాను. ఆయన నవ్వాడు.

"అరె సోమయ్య సార్! మీరా? నేనేందో అనుకున్న. పోనీయిన్రి, తెల్వక అయింది. ఫైళ్ళు దొరికినయి గద. కూసోన్రి, చాయ్ చెప్త."

అదే పని. అవే ఫైళ్ళు. కమల చేసిందనుకున్నప్పుడు అది దొంగతనం, పొగరు, కుట్ర. సోమయ్య సార్ చేశారని తెలియగానే అది 'తెల్వక' అయింది. ఆమెకు ఠాణా, ఈయనకు చాయ్. తెలియక చేసే హక్కు కూడా కొందరికే ఉంటుందా? నేను నోరు తెరిచే లోపే సోమయ్య సార్ అన్నారు.

"చాయ్ వద్దు. ఆ దరఖాస్తు ఏది?"

"అది ఇంకెందుకు సార్, చింపేద్దాం."

"చింపుడు కాదు. అండ్ల కమల పేరు కొట్టేసి నా పేరు రాయిన్రి. తీసింది నేను. ఆమెకు ఠాణా అయితే నాకు గూడ ఠాణానే."

"మీరు పెద్దోళ్ళు సార్, మీ మీద ఎట్ల..."

"మరి ఆమె మీద ఎట్ల రాస్తిరి?"

కార్యదర్శి మెడలోని కండువా కొసను మడతపెడుతూ, విప్పుతూ ఉండిపోయాడు. నాకు మాత్రం మాట ఆగలేదు. "రోజు మైకుల చెప్తరు గద సార్, అడుగకుంట తీర్పు చెప్పిన్రని. మీరు ఆమెను ఏమడిగిన్రు?" అన్నాను. "ఫోన్ చేసి పనికి రమ్మంట, సరేనా?" అని గొణిగి, దరఖాస్తు చింపి బుట్టలో వేశాడు. క్షమించమని అడుగుతారా అంటే "చిన్నపిల్లకు ఏం చెప్తం సరితమ్మా" అన్నాడు. రాష్ట్రం వస్తే వస్తుంది గానీ, ఈ మనిషికి బుద్ధి మాత్రం రాదని ఆ రోజే అనిపించింది.

శుక్రవారం సోమయ్య సార్, నేను కలిసి మహబూబాబాద్ పోయాం. పెన్‌డ్రైవ్ మూట ఆయన చొక్కా జేబులోనే ఉంది, దారిపొడుగునా చెయ్యి దాని మీదే ఉంది. కమల ఆఫీసులో ఉంది గానీ కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"కార్యదర్శి సార్ ఫోన్ చేసిండక్కా. రేపటిసంది రా అన్నడు. ఎందుకు పొమ్మన్నడో చెప్పలే, ఎందుకు రమ్మంటున్నడో చెప్పలే."

సోమయ్య సార్ ఆమె ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు. ఆమె కంగారుపడి ఆ చేతులు పట్టుకుంది. "అయ్యో, మీరెందుకు సార్? మీరు పెద్దోళ్ళు."

"పెద్దోన్నైతే తప్పు చిన్నదైతదా బిడ్డా? నాకు తెల్వక చేసిన. నీకు తెల్వకుంటనే నీ మీద పడ్డది. మాఫ్ చెయ్యి."

కమల ఆయనను కుర్చీలో కూర్చోబెట్టింది. తరవాత నా వైపు తిరిగింది.

"అక్కా, పిల్లల క్యాంపు ఉన్నది కాబట్టి నేను పనికొస్త. గని ఒక్క షరతు. నా పేరు మీద వేరే ఖాతా పెట్టు. నేనేం చేసిన్నో, ఏం చెయ్యలేదో నా పేరు మీదనే ఉండాలె. అందరి పేరు మీద నేను పని చెయ్య."

కార్యదర్శికి ఫోన్ కూడా చేయలేదు. అక్కడికక్కడే ఆమె పేరుతో ఖాతా తెరిచాను. సోమయ్య సార్ "నాకూ ఒకటి పెట్టు బిడ్డా, నా తప్పులు నా పేరు మీదనే ఉండనీ" అన్నారు. పాస్‌వర్డ్ కొట్టే చోటు రాగానే కమల రెండో చేత్తో కీబోర్డును కప్పుకుంది.

"అటు తిరుగక్కా."

నేను గోడ వైపు తిరిగాను. సోమయ్య సార్ కూడా తిరిగారు. వెనక ఒక్కో మీట నొక్కుతున్న చప్పుడు నింపాదిగా వినిపించింది.

అనుకున్న రోజునే క్యాంపు జరిగింది, పిల్లలకు మిషన్లు వచ్చాయి. కమల ఆ ఏడాది చివరిదాకా అక్కడే పనిచేసి, తరవాత తన ఇష్టంతోనే మానేసి వేరే నౌకరిలో చేరింది. నేను మాత్రం అప్పటినుంచి ఏ ఆఫీసులో ఫోల్డర్ పెట్టినా, అందరికంటే కింది నౌకరిలో ఉన్నది ఎవరో ముందు అడిగి తెలుసుకుంటాను. మొదటి ఖాతా ఆ మనిషి పేరుతో తెరుస్తాను. ఎవరి పేరూ లేని తప్పు వచ్చి పడేది వాళ్ళ మీదనే కదా. మనదంతా ఒకటే కుటుంబం, ఒక్క పాస్‌వర్డ్ చాలదా అని అడిగే సార్లు ఇప్పటికీ తగులుతుంటారు.

"చాలదు సార్" అంటాను.